రాయి ముందు నిలబడేవాడు

మా కొండల్లో రాయి దించే పనికి ఉన్నది ఒకటే చట్టం. హుకుం ఇచ్చేవాడు రాయి ముందు నిలబడాలి. పక్కన కాదు, వెనకాల కాదు, ముందు. గదంత పాలరాయి రెండు దూలాల మీద కట్టి ఉంటుంది. దాని కింద నిలువునా దిగిపోయే దారి, ఆ దారి చివర లోయ. ఆ రాయికీ లోయకీ మధ్య మేస్త్రీ ఒక్కడే ఉంటాడు. రాయివైపు మొహం పెట్టి వెనక్కి వెనక్కి అడుగులేస్తూ, సబ్బు పూసిన దుంగల్ని ఒక్కొక్కటే దాని కింద పరుస్తూ, "వదులు", "ఆపు" అని కేకలేస్తూ దిగుతాడు. రాయి అదుపు తప్పితే ముందు పోయేది ఆయనే. అందుకని ఆయన మాట వింటాం. వినడానికి ఇంకే కారణమూ అక్కర్లేదు.

నేను మోకు మనిషిని. దారికి పైన, ఎత్తుగా ఉన్న బండలో దిగ్గొట్టిన గుంజ దగ్గర నా చోటు. రాయికి కట్టిన మోకు ఆ గుంజకి చుట్లు తిరిగి నా చేతుల్లోకి వస్తుంది. "వదులు" అంటే బెత్తెడు వదులుతాను. "ఆపు" అంటే బిగిస్తాను. అటొకడు, ఇటొకడు ఇంకో రెండు మోకులు పట్టుకుంటారు గానీ బరువంతా నడిమి మోకు మీదే. అది నాది. ఆర్గాంతే మేస్త్రీ అయిన దగ్గర్నుంచీ నాదే.

ఆర్గాంతేది మా బెదిజ్జానో ఊరే. పొట్టి మనిషి, బండలాంటి మెడ. దేవుణ్ణి నమ్మడు, రాజుని నమ్మడు, వాన మబ్బుని కూడా నమ్మడు. ఆయన్ని ఎవరూ నియమించలేదు. పాత మేస్త్రీ పోయిన రోజున జట్టంతా రాయి దగ్గర నిలబడి, "ముందుకెవరు పోతారు?" అనుకుంటే ఈయన కోటు విప్పాడు. సరేనన్నాం. మాకు ఓటంటే అదే.

నల్లచొక్కాలవాళ్ళు, అదే ఫాసిస్టు పార్టీవాళ్ళు, వచ్చాక ఇవన్నీ వాళ్ళకి కంటగింపు అయ్యాయి. రోములో వాళ్ళ నాయకుడు గద్దెనెక్కిన యేడాదికల్లా మా కర్రారాలో కూలీ సంఘం ఇల్లు బూడిదైంది. తగలబెట్టినవాళ్ళు ఎక్కణ్ణుంచో రాలేదు. గనుల యజమానుల కొడుకులు, సైన్యంలోంచి వచ్చి పనికి వంగలేని కుర్ర ఆఫీసర్లు, వాళ్ళ వెనక తోకాడించుకుంటూ మావాళ్ళే కొందరు. అంగళ్ళవాళ్ళు తలుపులు వేసుకుని సందుల్లోంచి చూశారు. మర్నాడు అదే అంగళ్ళ మీద వాళ్ళ జెండాలు ఎగిరాయి. అంతకుముందు మా దగ్గర వేరే రంగు జెండాలకి చందాలిచ్చిన చేతులే అవి. ఆ చేతుల గురించి మాట్లాడ్డం మొదలెడితే నాకు అన్నం సయించదు. అంచేత వదిలేస్తాను.

ఆర్గాంతేని ఆ వారమే పట్టుకున్నారు. సారాకొట్టు ముందు కుర్చీకి కట్టేసి, ముక్కు మూసి, గరాటు పెట్టి ఆముదం పోశారు. చచ్చేంత కాదు, నలుగురి ముందూ పరువు పోయేంత. కాళ్ళు పట్టుకున్న ఇద్దరిలో ఒకడు దెల్మో.

దెల్మో నా భార్య ఎర్సీలియా తమ్ముడు. మా జట్టులోనే దుంగలు మోసేవాడు. పని తెలిసినవాడు, ఆ మాట కాదనను. నల్లచొక్కా తొడుక్కున్నాక పని తగ్గింది, బూట్లకి మెరుపు హెచ్చింది.

ఆ తరవాత కొత్త నిబంధన వచ్చింది. పార్టీ కార్డు ఉన్నవాడికే మేస్త్రీ పని. మా జట్టులో చాలామంది నోరు మూసుకుని కార్డు తీసుకున్నారు. ఇంట్లో పిల్లలున్నారు, వాళ్ళనేం అనను. ఆర్గాంతే తీసుకోలేదు. "నాకు కడుపు ఇంకా సర్దుకోలేదు. ఇప్పుడే ఇంకోటి మింగలేను," అన్నాడు. ఆ మాట సాయంత్రానికల్లా లోయంతా పాకింది. నవ్వినవాళ్ళలో నల్లచొక్కాలవాళ్ళు కూడా ఉన్నారని విన్నాను.

ఆ నవ్వే ఒర్లాందీనికి మింగుడు పడలేదు. ఒర్లాందీని ప్లీడరు గారి అబ్బాయి. మా వైపు నల్లచొక్కాలకి కమాండరు. రోము నుంచి ఒక పెద్దమనిషి వస్తున్నాడనీ, ఏదో స్మారకస్తంభం కోసం మా గని నుంచి పెద్ద రాయి దిగాలనీ, ఆయన కళ్ళముందే అది కింద ఎద్దుబళ్ళ దగ్గరికి చేరాలనీ వాడు మాటిచ్చేశాడు. ఆ రాయి దించడానికి మేస్త్రీగా ఆర్గాంతే ఉండకూడదనీ, తనవాడే ఉండాలనీ పట్టుబట్టాడు. ఆ తనవాడు దెల్మో.

ఆ పొద్దున్న ఎర్సీలియా నాకు రొట్టె, పందికొవ్వు ముక్క, ఉల్లిపాయ మూటగట్టి ఇచ్చింది. ఇచ్చి మూట వదల్లేదు.

"ఎవరేమన్నా వాడు మా అమ్మకి ఆఖరి కానుపు," అంది.

"తెలుసు."

"మోకు నీ చేతిలో ఉంటుంది."

"అదీ తెలుసు. మూట వదులు, ఆలస్యమవుతోంది."

"వాడు చేసింది మంచి పనని నేననట్లేదు. వాడి చొక్కా ఉతకనని చెప్పేశాను. కానీ నువ్వు..."

"ఎర్సీలియా, మూట వదులు."

వదిలింది. ఏమీ మాటివ్వకుండా వచ్చేశాను. నా పని నేనెలా చేస్తానో పెళ్ళాం దగ్గర కూడా ప్రమాణం చెయ్యాలా?

మేం పైకి చేరేసరికి రాయి కట్టేసి ఉంది. దారి మొదట్లో దూలాల మీద కూర్చుని ఎండకి మెరుస్తోంది. ఒర్లాందీని దుడ్డుకర్రలవాళ్ళని వెంటేసుకుని వచ్చాడు. ఫోటో తీసేవాడొకడు మూడుకాళ్ళ పెట్టె మోసుకుంటూ రొప్పుతున్నాడు. దారిలో సబ్బు జిడ్డుకి వాడి కాలు జారితే పీలాదె పట్టుకుని నిలబెట్టాడు. పీలాదె మా జట్టులో దుంగలకి సబ్బు పూసేవాడు. చావింట్లో కూడా హాస్యమాడతాడు.

"చూసుకోండి బాబూ, ఇక్కడ మేం ఎక్కడం దిగడం రెండూ సబ్బు మీదే. పార్టీలో మీకది అలవాటే కదా!"

ఒర్లాందీని విననట్టు నటించాడు. గొంతు సవరించుకుని, ఇవాళ్టి నుంచీ ఈ జట్టుకి దెల్మో మేస్త్రీ అని ప్రకటించాడు. ఆర్గాంతే అప్పటికే విప్పిన కోటు మళ్ళీ తొడుక్కుని, దారి వార నుంచి కింది మలుపు దాకా నడిచి వెళ్ళి రాళ్ళగుట్ట మీద కూర్చుని పొగాకు చుట్టుకోవడం మొదలుపెట్టాడు. ఇంటికి మాత్రం పోలేదు. రాయి దిగుతుంటే ఆయన ఇంటికి పోయిన రోజు లేదు.

పీలాదె చెయ్యెత్తాడు. "కమాండరు గారూ, ఒక్క మనవి. దెల్మో మేస్త్రీ అయితే మాకేం అభ్యంతరం లేదు. ముందు నిలబడతాడు కదా?"

"ఎక్కడ నిలబడాలో వాడికి తెలుసు."

"తెలుసు గనకనే అడుగుతున్నానండి."

దెల్మో మొహం సున్నం కొట్టిన గోడలా ఉంది. వాడు రాయి దాకా నడిచాడు. దాని పక్కన, దారికి ఇవతల ఆగిపోయాడు. అక్కణ్ణుంచే, "వదులు!" అని కేకేశాడు.

మోకు కదల్లేదు. నాదీ కదల్లేదు, అటూ ఇటూ ఉన్నవాళ్ళదీ కదల్లేదు. మేం ముందుగా ఏమీ అనుకోలేదు. అనుకోవలసిన అవసరం రాలేదు.

"ఏమయ్యా, చెవుడా?" ఒర్లాందీని నా మీదికి వచ్చాడు.

"వినపడిందండి. పక్కనుంచి వినపడింది. పక్కనుంచి వచ్చే మాటకి మోకు వదలం."

"ఎవరు పెట్టారీ రూలు?"

"చచ్చిపోయినవాళ్ళు."

వాడి పక్కనున్నవాడొకడు దుడ్డుకర్ర ఎత్తాడు. నేను వాడి వైపు చూడలేదు, గుంజ వైపే చూస్తున్నాను. "కొట్టించండి కమాండరు గారూ, అడ్డం చెప్పను. కాకపోతే ముందు ఈ మోకు ఎవరిచేతికైనా అప్పజెప్పించండి. మధ్యలో వదిలేశానన్న మాట నాకొద్దు," అన్నాను. కర్ర దిగింది. బరువు మోసే చేతిని కొట్టకూడదన్నంత తెలివి వాళ్ళకీ ఉంది.

ఒర్లాందీని దెల్మో వైపు తిరిగి, "ముందుకి వెళ్ళి నిలబడు. అంతే కదా!" అన్నాడు. అంతే కదా అన్న మాట ఎంత తేలిగ్గా అన్నాడో!

దెల్మో ముందుకి పోలేదు. బండ ఎక్కి నా దగ్గరికి వచ్చాడు.

"బావా."

"పనిలో ఉన్నాను."

"ఒక్క మాట బావా. నా మీద నీకు కోపముంది."

"ఉంది."

"మరి మోకు..."

"మోకు మీద కోపం లేదు."

వాడు పెదాలు తడుపుకున్నాడు. "అక్క ఏమన్నా చెప్పిందా?"

"నువ్వు మీ అమ్మకి ఆఖరి కానుపువని చెప్పింది. నాకు కొత్త సంగతా అది? నీ ముక్కు తుడిచినవాణ్ణి నేనే."

"అయితే ఒట్టెయ్యి బావా. వదలనని ఒట్టెయ్యి."

"ఆర్గాంతే ఎప్పుడన్నా నాతో ఒట్టు వేయించుకున్నాడా? ఆయనకి ముందు మేస్త్రీగా ఉన్న మీ నాన్న వేయించుకున్నాడా? పో, పోయి నిలబడు. నీ పని నువ్వు చూసుకో, నా పని నేను చూస్తాను."

వాడు దిగి వెళ్ళాడు. ఈసారి రాయి ముందుకే వెళ్ళాడు. టోపీ తీసి చొక్కాలో దోపుకున్నాడు. దుంగలవాళ్ళు వెనక సర్దుకున్నారు. ఫోటోవాడు గుడ్డ కింద తల దూర్చాడు.

"వదులు!"

ఇప్పుడు ముందునుంచి వచ్చింది మాట. వదిలాను.

రాయి మూలిగింది. సబ్బు మీద దూలాలు కదిలాయి. మోకు గుంజ చుట్టూ జరుగుతూ పొగలు కక్కింది. వెనకవాళ్ళు ఖాళీ అయిన దుంగల్ని ఎత్తి చేతుల మీదుగా ముందుకి అందించారు. దెల్మో అందుకుని పరిచాడు. "ఆపు!" ఆపాను. "వదులు, నిమ్మళంగా!" నిమ్మళంగా వదిలాను. వాడి గొంతు బాగానే కుదురుకుంది. అలా చాలా దూరం దిగాం. మంచి పని మంచి పనే, చేసేవాడు ఎవడైనా. ఆ రాతిగోడల మధ్య కింద అన్న మాటేదైనా పైకి వస్తుంది, బళ్ళ దగ్గర బ్యాండువాళ్ళు వాయిద్యాలు శ్రుతి చేసుకోవడం కూడా వినపడుతోంది.

మలుపు దగ్గర దారి ఇంకా నిటారవుతుంది. అక్కడ ఆర్గాంతే కళ్ళు రాయి అడుగు మీదనుంచి చీమంత కూడా కదిలేవి కావు. దెల్మో అక్కడికి వచ్చి తల పక్కకి వంచాడు. రాయి చాటునుంచి మొహం బయటపెట్టి పైకి చూశాడు. నా చేతుల వైపు.

మేస్త్రీ మోకు మనిషిని చూడడు. చూస్తే దుంగని చూసేదెవరు? పని నేర్చుకోవడానికి వచ్చినవాడికి మొదటి రోజునే ఈ సంగతి చెప్తాం. వాడికీ చెప్పాం.

"రాయిని చూడరా!" అని అరిచాను.

అరిచినందుకు ఇంకా బెదిరాడు. మళ్ళీ తల వంచాడు, మళ్ళీ నా చేతులు చూశాడు. కుర్చీకి కట్టేసినవాడి కాళ్ళు పట్టుకున్నవాడికి ఎదుటివాడి చేతులు ఎలా కనపడతాయో అప్పుడు నాకర్థమైంది. నా చోట తనుంటే ఏం చేసేవాడో వాడికి తెలుసు. అదే వాడి కళ్ళకి అడ్డం పడింది. చేతికి అందిన దుంగని చూడకుండా పరిచాడు. అది వంకరగా పడింది.

ఒక దూలం దాని మీదకి ఎక్కి జారింది. రాయి ఒక పక్కకి తిరిగింది. కుడివైపు మోకు ఒక్కసారిగా సడలిపోయి, భారమంతా నా మీద పడింది. నేను ఎవరి మాటా వినకముందే కాళ్ళు గుంజకి తన్నిపెట్టి బిగించేశాను. ఆ వెంటనే వచ్చింది కేక, రాళ్ళగుట్ట మీదనుంచి.

"ఆపు!"

పక్కనుంచి వచ్చిన మాటే అది. కానీ ఆ గొంతు అన్నేళ్ళూ ముందునుంచి వచ్చింది. మొత్తం జట్టు ఒక్క చెయ్యై ఆపింది. దెల్మో ఛాతీకి జానెడు దూరంలో రాయి నిలబడిపోయింది. వాడు పరిగెత్తలేదు. దుమ్ములో కొయ్యబారి, ఇంకా నా చేతులే చూస్తున్నాడు. ఆర్గాంతే వెళ్ళి నడుం పట్టీ పట్టుకుని, సంతలో మేకని లాగినట్టు పక్కకి లాగాడు.

"కూర్చో. ఊపిరి పీల్చు. సబ్బు చేతులతో కళ్ళు తుడుచుకోకు," అన్నాడు.

వాడు తుడుచుకోనే తుడుచుకున్నాడు. కళ్ళు మండి నీళ్ళు కారాయి. సబ్బు వల్లనే అనుకున్నట్టు అందరం మొహాలు తిప్పుకున్నాం.

ఒర్లాందీని జారుతూ పడుతూ మలుపు దగ్గరికి దిగాడు. "ఏమైంది? ఎందుకాగింది? ఆయన మోటారు కొండ మొదటికి వచ్చేసింది! దెల్మో, లే!"

"నావల్ల కాదండి."

"భయమా? ఈ చొక్కా వేసుకుని భయమా?"

"రాయంటే భయం లేదండి. రాయిని చూడలేకపోతున్నాను. మా బావ చేతులే చూస్తున్నాను."

"అంతేనా? వాణ్ణి తీసేసి మనవాణ్ణి పెడతాను మోకు దగ్గర."

దెల్మో గబుక్కున తలెత్తాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "మనవాళ్ళా? మనవాళ్ళు మోకు పట్టుకుంటే నేనసలు నిలబడను!"

ముందు పీలాదె నవ్వాడు. తరవాత దుంగలవాళ్ళు. ఆ తరవాత మోకుల దగ్గర మేం, చేతులు సడలకుండా కడుపులు కదిలేలా నవ్వాం. దుడ్డుకర్రలవాళ్ళలో కూడా ఒకడు మీసం కింద నవ్వాడు. దెల్మోకి తనేమన్నాడో అప్పుడు తట్టింది. తట్టినా ఆ మాట వెనక్కి తీసుకోలేదు. జీవితంలో వాడన్న నిజమైన మాట అదొక్కటేనేమో.

ఒర్లాందీని ఆర్గాంతే వైపు తిరిగాడు. చూపు మాత్రం ఆయన భుజం మీదుగా ఎక్కడికో. "నువ్వు దించు. ఈ ఒక్క రాయికి."

ఆర్గాంతే మళ్ళీ గుట్ట మీద కూర్చున్నాడు. "రేపటి రాయికెవరు?"

"రేపటి సంగతి రేపు చూద్దాం."

"అయితే ఇదీ రేపే చూద్దాం. మావాళ్ళు మోకు కట్టేసి భోజనం చేస్తారు. ఆ పెద్దాయనకి కూడా ఒక ఉల్లిపాయ పెడదాం."

"నీకు కార్డు లేదు!"

"లేదు. ఉండబోదు కూడా. వీడికుంది," అని దెల్మోని చూపించాడు. ఆ మాటలో వెటకారం లేదు.

కింద నుంచి మోటారు హారను మోగింది. బ్యాండు మొదలైంది. ఒర్లాందీని ఒకసారి కిందికీ ఒకసారి రాయివైపుకీ తల తిప్పడం నాకు పైకి కనపడింది. వాడికి మా మీద చెయ్యి చేసుకోవడానికి ఆ మర్నాడూ ఉంది, ఆ పైయేడూ ఉంది. ఆ గడియలో మాత్రం లేదు. అది వాడికీ తెలుసు, మాకూ తెలుసు.

"సరే," అన్నాడు.

"పైన మోకులవాళ్ళకి వినపడలేదు కమాండరు గారూ," అన్నాడు పీలాదె.

"సరే అన్నాను! కార్డు లేకుండానే! మేస్త్రీ వీడే! ఇక దించండి!"

ఆర్గాంతే లేచి కోటు విప్పి మడతపెట్టి గుట్ట మీద పెట్టాడు. రాయి ముందుకి వెళ్ళి వంకర దుంగని చూసి, గడ్డపారలు తెప్పించి, రాయిని ఓపిగ్గా దారికి తెప్పించాడు. కుడి మోకు బిగింపించాడు. అప్పుడు, తలెత్తకుండా, "ఎజిస్తో!" అని నన్ను పిలిచాడు.

"ఉన్నా!"

"వదులు, నిమ్మళంగా."

వదిలాను. మలుపు తిరిగేవరకూ ఆయన ఒక్కసారి కూడా నా వైపు చూడలేదు. మోకు నా అరచేతుల్లోంచి పోతుంటే, ఇదీ నా దేశం, ఇదొక్కటే మిగిలింది అనిపించింది. మిగిలినంతవరకూ గట్టిదే.

రాయి కిందికి చేరింది. రోము పెద్దమనిషి దాని మీద చెయ్యి వేసి ఫోటో దిగాడు. క్రమశిక్షణ గురించి ఉపన్యసించాడు. ఇటలీ అంతా ఒక్క గొంతుకి లోబడి నడుస్తోందనడానికి ఈ కూలీలే నిదర్శనమన్నాడు. మేం చప్పట్లు కొట్టలేదు, చేతులు కాలి ఉన్నాయి. చప్పట్లు అంగళ్ళవాళ్ళు కొట్టారు.

ఒర్లాందీని మాట నిలబడిందంటే వాడు మంచివాడని కాదు. ఆ తరవాత పక్క లోయ నుంచి కార్డున్న మేస్త్రీని ఒకణ్ణి తెప్పించాడు. ఆయన దారి చూశాడు, మమ్మల్ని చూశాడు, ఆర్గాంతేతో ఒక గ్లాసు వైను తాగి, "ఇది నా దారి కాదు" అని చెప్పి వెళ్ళిపోయాడు. ఇంకొకడు రానేలేదు. వాళ్ళు టౌనుహాలు తీసుకున్నారు, పత్రికలు తీసుకున్నారు, బడుల్లో పిల్లల చేత తమ సలాముకి చేతులెత్తించారు. మా సంఘం ఇల్లు ఇప్పటికీ బూడిద దిబ్బే. మేం గెలిచామని నేనెక్కడా చెప్పను. కానీ మా దారి మీద ఆర్గాంతే కార్డు లేకుండానే రాళ్ళు దించాడు. మోకాళ్ళు మొరాయించి తనంతట తానే కోటు తొడుక్కునేదాకా దించాడు.

దెల్మో మళ్ళీ కొండెక్కలేదు. రాతికోత మిల్లులో గేటు దగ్గర కాపలా పని ఇప్పించారు. ఆదివారాలు మా ఇంటికి భోజనానికి వస్తాడు, ఎర్సీలియా కోసం ఊరుకుంటాను. నల్లచొక్కా మాత్రం విప్పి బయట కొక్కేనికి తగిలించాలని ఆవిడ షరతు. ఒక ఆదివారం ఆవిడ వంటింట్లో ఉండగా అడిగాడు.

"బావా, నిజం చెప్పు. ఆ రోజు నేను నీ వైపు చూడకుండా ఉంటే, నన్ను కింద దాకా దించేవాడివా?"

"దించేవాణ్ణి."

"ఆర్గాంతేని అంత చేశాక కూడానా?"

"ఆర్గాంతే ముందుంటే ఎలా దించేవాణ్ణో అలాగే. నీ కోసం కాదు."

వాడు చాలాసేపు కంచంలో రొట్టె ముక్కని అటూ ఇటూ తిప్పాడు. నమ్మలేదు. నమ్మడం వాడికి చేతనైతే ఆ రోజు రాయి దించేసి ఉండేవాడు. ఎర్సీలియా సూపు గిన్నె తెచ్చి ఇద్దరికీ వడ్డించింది. నేను తిన్నాను. బాగుంది సూపు.